ట్రైలర్ లాగుతూ క్రూజ్ కంట్రోల్ వాడొచ్చా?

ప్రశ్న: పికప్ ట్రక్, వెనక 5,000 పౌండ్ల క్యాంపర్ (లోపల బస చేసే ట్రైలర్). అమెరికాలోని కొలరాడోలో డెన్వర్ నుంచి గ్రాండ్ జంక్షన్‌కి ఐ-70 హైవే మీద వెళ్లాలి. క్రూజ్ (కాలితో తొక్కకుండానే వేగాన్ని ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టుకోవచ్చా?

జవాబు 1: చదును రోడ్డు, పొడి వాతావరణం, పల్చటి ట్రాఫిక్ అయితే పెట్టుకోండి. టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు గేర్లు మారే తీరు మార్చే సెట్టింగ్) ఆన్ చేసి గంటకు 60–65 మైళ్లు దాటనివ్వకండి. కొన్ని ట్రైలర్ టైర్లు 65కే తయారైనవి. డెన్వర్ దాటి కొండలు మొదలవగానే తీసేయండి. ఎక్కుడులో వేగం తగ్గకూడదని క్రూజ్ యాక్సిలరేటర్‌ని తొక్కేస్తూనే ఉంటుంది. గేర్లు మాటిమాటికీ మారి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కాగిపోతుంది. కాలితో నడిపితే వేగాన్ని గంటకు 10 మైళ్లు తగ్గనిచ్చి ఒకే గేర్‌లో ఎక్కించొచ్చు.

జవాబు 2: అసలు భయం దిగుడులోనండి. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ సుమారు 11,000 అడుగుల ఎత్తులో ఉంది; అది దాటాక సిల్వర్‌థార్న్ ఊరి దాకా దిగుడే. పైనే తక్కువ గేర్‌లోకి మార్చండి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచొద్దు, కాగిపోతుంది; అవసరమైనప్పుడల్లా గట్టిగా ఓసారి నొక్కి వదిలేయండి.

జవాబు 3: వాన, మంచు, ఈదురుగాలిలోనూ క్రూజ్ వద్దు. ట్రైలర్ ఊగితే క్రూజ్ క్యాన్సిల్ చేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను విడిగా నడిపే పరికరం) మీటను చేత్తో కొద్దిగా నొక్కండి. ట్రక్కు బ్రేక్ తొక్కితే ఊపు పెరుగుతుంది. హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కొక్కెం) మీద 500–750 పౌండ్ల బరువు పడుతోందో లేదో బయల్దేరే ముందే తూచుకోండి. తక్కువైతే ఊగే ప్రమాదం ఎక్కువ.