ఘాట్ ఎక్కేటప్పుడు కారు లాగట్లేదు (టర్బో డీజిల్)

విశాఖతీరం: అన్నలూ, బండి లక్ష కిలోమీటర్లు దాటింది. శృంగవరపుకోట దాకా హాయిగా వస్తుంది. అనంతగిరి ఘాట్ మొదలయ్యాక మాత్రం ఎంత తొక్కినా లాగదు. పక్కకి ఆపి, ఇంజన్ ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. షెడ్డులో ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) నాలుగూ మార్చాలంటున్నారు. అంత ఖర్చు పెట్టే ముందు మీ అనుభవం చెప్పండి.

కొండదారి: ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పెరిగి స్పీడు పెరగట్లేదా, అసలు ఆర్‌పీఎమ్మే పెరగట్లేదా? సగం జవాబు అక్కడే ఉంది.

తిరుపతి_ట్యాక్సీ: నేను తిరుమల ఘాట్‌లో రోజూ తిప్పుతాను. మా బండికి ఆర్‌పీఎం జివ్వున లేచేది, బండి మాత్రం కదిలేది కాదు, కాలిన వాసన వచ్చేది. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. మీకు వాసన వస్తోందా తమ్ముడూ?

విశాఖతీరం: వాసన లేదన్నా. ఆర్‌పీఎం 2000 దగ్గరే ఆగిపోతుంది. చెక్ ఇంజన్ లైటు కూడా వెలుగుతోంది.

కొండదారి: అయితే క్లచ్ కాదు. ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటోంది, దాన్నే లింప్ మోడ్ అంటారు. ఆపి స్టార్ట్ చేస్తే తాత్కాలికంగా పోతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది. స్కానర్ పెట్టి కోడ్ (బండి చూపించే లోపం నంబరు) చూడండి, చూడకుండా చెరిపేయనివ్వకండి. పీ0299 వస్తే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపేది) ప్రెషర్ చాలట్లేదు. టర్బో గాలి వెళ్ళే ఇంటర్‌కూలర్ పైపులు చేత్తో తడిమి చూడండి. చీలిక ఉంటే చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తుంది, ఎక్కేటప్పుడు బుస్సుమనే శబ్దం, నల్లపొగ వస్తాయి. పీ0087 అయితే రైల్ (ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టం) ప్రెషర్ పడిపోతోంది, అంటే డీజిల్ సరిపడా అందట్లేదు.

విశాఖతీరం: పీ0087 వచ్చిందన్నా!

కొండదారి: ముందు డీజిల్ ఫిల్టర్ మార్చండి. సమతలం మీద ఇంజన్‌కి కొంచెం డీజిల్ చాలు, సగం మూసుకుపోయిన ఫిల్టరైనా నెట్టుకొస్తుంది. ఘాట్‌లో పూర్తి లోడు పడగానే చాలదు. ఫిల్టర్ తీసేటప్పుడు కింద నీళ్ళున్నాయేమో చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ అడగండి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కొచ్చే డీజిల్‌ని సీసాల్లో పట్టి పోల్చి చూస్తారు. ఏదైనా ఎక్కువ వదులుతుంటే అదొక్కటే దోషి. ఈ పరీక్ష చేయకుండా నాలుగూ మార్చమనడం అన్యాయం.

విశాఖతీరం: ఫిల్టర్ బొగ్గులా నల్లగా ఉంది, నీళ్ళూ వచ్చాయి. కొత్తది వేయించి నిన్న అమ్మానాన్నలతో అరకు వెళ్ళొచ్చాం, మూడో గేర్లోనే ఎక్కేసింది. ఇంజెక్టర్లు ముట్టుకోలేదు. మీకు చాలా రుణపడి ఉంటానన్నా.

పెట్రోల్‌బండి: నాది టర్బో లేని పెట్రోల్. కోడ్ ఏదీ లేదు, అయినా అరకు దారిలో బరువుగా లాగుతుంది.

కొండదారి: అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. గాలి పలచబడి టర్బో లేని ఇంజన్‌కి దాదాపు పదో వంతు పవర్ తగ్గుతుంది, అది లోపం కాదు. కిందున్నప్పుడు కూడా బరువుగా ఉంటే మాత్రం ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆ తర్వాత సైలెన్సర్ దారిలో కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసేది) మూసుకుపోయిందేమో చూపించండి.