వరదొస్తే పెత్తనం ఎవరిది: కార్పొరేషన్‌దా, కలెక్టర్‌దా?

బెజవాడోడు: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మన బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచితే ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు, వార్డులకు ఐఏఎస్‌లను దింపారు. మరి మేయరూ కార్పొరేటర్లూ ఏమయ్యారు? ఏ సందులో మంచాన పడ్డ ముసలమ్మ ఉందో వార్డు సచివాలయం అమ్మాయికి తెలుసు, పై ఊరి నుంచి వచ్చిన ఆఫీసరుకు తెలీదు. పగ్గాలు ముందు నగరపాలక సంస్థకే ఇవ్వాలంటాను.

కృష్ణలంక పెద్దాయన: తెలిసి ఏం చేస్తుంది బాబూ, చేతిలో పడవ ఉండొద్దూ? గండ్లు పడింది వెలగలేరు దిగువన, బుడమేరు నీటిని కృష్ణకు మళ్లించే డైవర్షన్ కాలువకి. అది జలవనరుల శాఖది. పూడ్చడానికి ఆర్మీ రావాల్సొచ్చింది. అదే సమయంలో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద. ఊరి హద్దు అవతల గట్టు తెగితే మేయరేం చేస్తారు?

బెజవాడోడు: గండి సంగతి ఒప్పుకుంటా. అన్నం పొట్లాల సంగతి చెప్పండి. రోడ్డు పక్కిళ్లకు రెండుసార్లు అందాయి, మా వెనక సందుకు ఒక్కటీ రాలేదు. దానికి హెలికాప్టర్ అక్కర్లేదండీ, సందులు తెలిసిన మనిషి చాలు.

లా పాయింట్: 2005 విపత్తు నిర్వహణ చట్టంలో జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు కలెక్టర్, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షుడు. అదే చట్టం 41వ సెక్షన్ సిబ్బందికి శిక్షణ, సామగ్రి సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థల నెత్తిన పెట్టింది. పనైతే చెప్పారు, పైసలెక్కడ? అగ్నిమాపకం రాజ్యాంగం 12వ షెడ్యూలులో మున్సిపాలిటీల జాబితాలో ఉంది, మన దగ్గర మాత్రం రాష్ట్ర శాఖే నడుపుతోంది. 2025లో ఆ చట్టానికి చేసిన సవరణ, రాష్ట్ర రాజధానికీ కార్పొరేషన్ ఉన్న నగరాలకూ విడిగా సంస్థ పెట్టుకోవచ్చంది. అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు కలెక్టర్. ఓట్లేయించుకున్న మేయరుకు ఆ రెండు కుర్చీల్లో ఏదీ లేదు!

పాయకాపురం అద్దెకాపు: ఇవ్వకపోవడమే మంచిదేమో. అప్పుడు కార్పొరేషన్ వైసీపీది, రాష్ట్రం కూటమిది. నష్టపరిహారం లిస్టు కార్పొరేటర్ రాస్తే తన పార్టీ వాళ్ల ఇళ్లే మునిగినట్టుంటుంది. కింది పోర్షన్‌కు 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అన్నారు. ఓనరుకా, అద్దెకున్నోడికా అని మా మెట్ల మీదే కొట్లాట. బయటి ఆఫీసరుకు మొహమాటం ఉండదు.

బెజవాడోడు: మొహమాటం ఉండదు, మళ్లీ కనపడడు కూడా. పేరు ఎగిరిపోయినోడు ఎవరి గుమ్మం ఎక్కాలి? కేరళలో 2018 వరదల తర్వాత ఇళ్లు కడగడం కుడుంబశ్రీ అనే మహిళా సంఘాల ఆడవాళ్లూ పంచాయతీలూ చేశారు. ఆనక స్థానిక సంస్థలు సొంత విపత్తు ప్రణాళికలు రాసుకున్నాయి.

కృష్ణలంక పెద్దాయన: 1996లో ప్రజా ప్రణాళిక అని మూడో వంతుకు పైగా ప్రణాళిక నిధులు కిందికి ఇచ్చిన రాష్ట్రం అది. మనోళ్లు మురుగు పూడిక తీయడానికే పైకి చూస్తారు. పడవలకూ మోటార్లకూ కార్పొరేషన్ బడ్జెట్లో పద్దు పెట్టించు ముందు, పెత్తనం సంగతి అప్పుడు మాట్లాడదాం.

పాయకాపురం అద్దెకాపు: పద్దుతో పాటు లిస్టు ముసాయిదా సచివాలయం గోడకి అంటించి వారం గడువివ్వమనండి. అలాగైతే కార్పొరేటర్ రాసినా నాకు అభ్యంతరం లేదు.