పియానో కొత్తగా నేర్చుకునేవాళ్లకు నోటేషన్ మొదటి క్లాసు నుంచే కావాలా?

కొత్తవాయిద్యం:
ఈమధ్యే పియానో మొదలుపెట్టాను. టీచర్ మొదటి క్లాసు నుంచే స్టాఫ్ నోటేషన్ (అయిదు గీతల మీద చుక్కలతో రాసే సంగీత లిపి) చదివిస్తున్నారు. వీడియోల్లో చూస్తే రంగు గీతలు పైనుంచి కీల మీదకు దిగుతుంటాయి, వాటిని చూసి జనం పాటలు వాయించేస్తున్నారు. నోటేషన్ కొన్నాళ్లయ్యాక నేర్చుకుంటే నష్టమా?

నల్లమెట్లు:
నష్టమేనండి. ఆ వీడియోలు ఏ కీ నొక్కాలో చూపిస్తాయి, ఏ వేలితో నొక్కాలో చాలావరకు చెప్పవు. పియానోలో వేళ్ల వరస చాలా ముఖ్యం. రెండు చేతుల్లోనూ బొటనవేలు 1, చిటికెనవేలు 5. కుడిచేత్తో సి మేజర్ స్కేల్ (సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి, మళ్లీ సి అనే వరస తెల్ల కీలు) పైకి, అంటే కుడివైపుకు, వాయించేటప్పుడు సి, డి, ఇ లకు 1, 2, 3 వేళ్లు వాడాక బొటనవేలు మిగతా వేళ్ల కిందుగా వచ్చి ఎఫ్ అందుకోవాలి. అక్కడి నుంచి మళ్లీ 1 మొదలై పై సి మీద 5తో ముగుస్తుంది. 8 నోట్లకు 5 వేళ్లు సరిపోయేది ఇలాగే. కొత్తవాళ్ల కోసం వేసిన పుస్తకాల్లో ఈ అంకెలు నోట్ల పక్కనే ఉంటాయి. పైగా రెండు చేతులూ వేర్వేరు పనులు చేయాలి. కాగితం మీద పైన ట్రెబుల్ క్లెఫ్ (ఎక్కువగా కుడిచేతి నోట్లుండే అయిదు గీతలు), కింద బేస్ క్లెఫ్ (ఎక్కువగా ఎడమచేతివి) ఒకదాని కింద ఒకటి ఉంటే ఏ నోటు దేనితో కలిసి పడాలో చూడగానే తెలుస్తుంది.

చెవిపాఠం:
నేను ఒప్పుకోను. కాగితం ముందు పెడితే కొత్తవాళ్ల ధ్యాసంతా చుక్కల మీదే ఉంటుంది. తాళం తప్పినా, ఒక నోటు గట్టిగా ఇంకోటి మెల్లగా పడినా వాళ్ల చెవికి ఆనదు. జపాన్ వయొలిన్ గురువు షినిచి సుజుకి కూడా పిల్లలకు మాటలు వచ్చాకే అక్షరాలు వస్తాయన్న ఆలోచనతోనే తన పద్ధతి నడిపారు. ముందు వినడం, వాయించడం, ఆ తర్వాతే చదవడం. పియానోకూ ఆ పద్ధతి ఉంది.

88 కీలను చూసి టెన్షన్ పడక్కర్లేదు. నల్ల కీలు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండు నల్ల కీల గుంపుకు ఎడమ పక్కనే ఉన్న తెల్ల కీ సి. బాగా తెలిసిన చిన్న పాట ఒకటి గొంతుతో పాడుకుని, దాన్ని కీల మీద మీరే వెతకండి. ఎక్కడ తప్పు పడిందో చెవే చెబుతుంది. ఆ వెతుకులాటలో వచ్చే ఆనందం వల్లే చాలామంది మధ్యలో మానేయకుండా ఉంటారు.

నల్లమెట్లు:
చెవిపాఠం గారూ, సుజుకి పద్ధతిలో పిల్లాడి పక్కన గురువు ఉంటారు, ఇంట్లో సాధన చేయించే అమ్మో నాన్నో ఉంటారు, రోజూ రికార్డింగులు వింటారు. ఒంటరిగా వీడియో ముందు కూర్చోవడం అదెలా అవుతుంది? గీతలు దిగడం ఆగితే చేతులూ ఆగిపోతాయి.

చెవిపాఠం:
వీడియోల విషయంలో మీతో నాకు పేచీ లేదు. వాటిలో చెవికీ పని ఉండదు, చదువుకీ పని ఉండదు. కానీ దానికి మందు మొదటి రోజే నోటేషన్ అంటే మాత్రం ఒప్పుకోను.

నిదానం:
చదవడం మీరనుకునేంత కష్టం కాదు. నోట్లన్నీ బట్టీ పట్టొద్దు, మూడు గుర్తులు చాలు. రెండు క్లెఫ్‌ల మధ్య చిన్న గీత మీద ఉండేది మిడిల్ సి. ట్రెబుల్‌లో కింది నుంచి రెండో గీత జి. బేస్‌లో పై నుంచి రెండో గీత ఎఫ్. గీత మీది నుంచి పక్క ఖాళీలోకి వెళ్తే పక్క తెల్ల కీ. షార్ప్ (నోటును అర మెట్టు పెంచేది), ఫ్లాట్ (అర మెట్టు తగ్గించేది) గుర్తులుంటేనే తేడా. కీల మీద అక్షరాల స్టిక్కర్లు మాత్రం వద్దు. కళ్లు కాగితం వదిలి చేతుల మీదకు వెళ్లిపోతాయి.

కొత్తవాయిద్యం:
అందరికీ థాంక్స్. నోటేషన్ ఆపను. ప్రతి పాఠాన్నీ ముందు పాడి, చప్పట్లతో తాళం వేసి, ఆ తర్వాతే కీల మీద చెయ్యి పెడతాను. నల్లమెట్లు గారూ, ఎడమచేతికి స్కేల్ పైకి వెళ్లేటప్పుడు వేళ్ల వరస ఏది?

నల్లమెట్లు:
5, 4, 3, 2, 1. ఆపైన మూడో వేలు బొటనవేలి మీదుగా దాటి 3, 2, 1. కొన్నాళ్లు ఒక్కో చెయ్యే విడిగా వాయించండి.