ఠావుల్ దప్పెనా, తావుల్ దప్పెనా?

రెక్కలపురుగు: హన్మకొండల మేం కొందరం సిమ్యులేటర్ మీద బారన్, అంటే రెండింజన్ల చిన్న విమానం, నడుపుతం. నిన్న మామునూరు మీదికెల్లి పోతుంటె మావోడు ఎడమ ఇంజన్ ఆపేసిండు. రడ్డర్ తొక్కి, నీలిగీత వేగం (ఒక్క ఇంజన్‌తోని బాగ ఎక్కే వేగం) పట్టి, ప్రొపెల్లర్ ఫెదర్ చేసి (రెక్కలు గాలికి అడ్డం రాకుండ తిప్పి), ఆ వైపు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బంద్ చేసిన. ఇగ కరెంటు లోడు తగ్గించాలె. పక్కనున్నాయన పోతన గజేంద్రమోక్షంల ఏనుగు మొర "లావొక్కింతయు లేదు" అని అందుకొని "తావుల్ దప్పెను" దాకా పోయిండు. నాకు "ఠావుల్" అని యాది. ఏది సరి? ఇంకోటి, తెలుగు చెక్‌లిస్టుల లోడును 'లావు' అనొచ్చా?

ఏకశిల: ఎట్లంటవ్ తమ్మీ? ఏనుగు పోగొట్టుకున్నది సత్తువ. మిగిలిన ఆల్టర్నేటర్ ఇయ్యగలిగేది లావు, లైట్లు రేడియోలు గుంజేది బరువు. రెండూ కలిపితే అమ్మీటర్ చూసేటోడు ఆగమైతడు.

పంతులు: ఠా నే. శార్దూలంలో పదమూడో అక్షరం చూడండి, "డస్సెన్". ఠా, డ ఒకే వర్గం. పాదం మొదటి అక్షరంతో అది జత కుదరాలి, అదే యతి. త పెడితే యతి పోయినట్టే.

బమ్మెరబాట: మా తాత "తనువున్ దస్సెన్" అనే చదివేది. తా, ద. యతి కుదిరింది. ఇప్పుడేమంటరు సార్?

పంతులు: రెండు చోట్లా మార్చేసి కుదిరిందంటే ఎలాగండీ? అలా ఉన్న తాళపత్రం చూపండి, ఒప్పుకుంటా.

కరెంటన్న: మా సబ్‌స్టేషన్ల బరువు అనరు, లోడే. ముందుగాల ఏం తీసేసినవ్ తమ్మీ?

రెక్కలపురుగు: ఏసీ, ల్యాండింగ్ లైట్లు. మబ్బు లేదు గాబట్టి పీటో హీట్ (వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండ చేసే హీటర్) గూడ. ఒక రేడియో, రాడార్‌కు మన జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్ ఉంచిన. బారన్ల గేరు, అంటే చక్రాలు, దించేది కరెంటు మోటారే, దానికి ముందే జాగ ఉంచుకోవాలె. లోడు ఆల్టర్నేటర్‌ను మించితే తక్కువ పడ్డది బ్యాటరీకెల్లి పోతది. 28 వోల్టులున్న మీటరు 24 దిక్కు జారుతది.

ఒంటిమిట్టోడు: తాత చదివినా మనవడు చదివినా పోతన మా ఏకశిలానగరం, అంటే ఒంటిమిట్ట, వాడే కదా. పాఠం మమ్మల్ని అడగాల.

బమ్మెరబాట: మళ్ల మొదలువెట్టిండ్రు. ఓరుగల్లుకు ఆ పేరు ఎవలు పెట్టిండ్రో చూసుకొని రాండ్రి. బమ్మెరకొస్తె ఆయన పొలం చూపిస్తరు.

ఏకశిల: ఆల్టర్నేటర్ ఎర్రలైటు వెలిగితె నాకైతే లావు గాదు, దానికి ముందొచ్చే "కలడో లేడో" యాదికొస్తది.

పంతులు: అది సందేహం కాదండీ, ఎత్తిపొడుపు. అనుమానమే ఉంటే తర్వాత వచ్చే ఈ "లావొక్కింతయు" పద్యంలోనే "నీవే తప్ప" అంటాడా?

ఏకశిల: ఎత్తిపొడుపా! మొసలి కాలు పట్టి గుంజుతుంటె ఎత్తిపొడుస్తడా సార్ ఎవడన్న?

పంతులు: భక్తుడు పొడుస్తాడు. రామదాసు సంగతి మరిచారా?