రాత్రి నిద్ర పట్టక సూదీ దారం పట్టినవాళ్లు ఉన్నారా? (విజయవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి)

నిద్రరాని పటమట (రాత్రి 12:50)

అందరికీ నమస్కారం. మాది పటమట, నాకు 31. ఇంట్లోంచే ఉద్యోగం, అమెరికా క్లయింటు. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే రాత్రి పదకొండు దాటుతుంది. ల్యాప్‌టాప్ మూసినా బుర్ర మూతపడదు. పక్క మీద ఫోను చూస్తూ ఒంటిగంట, రెండు. పొద్దున్నే బాబుని స్కూలు ఆటో ఎక్కించాలి, ఆ హడావుడిలో ఎవరు ఎదురొస్తే వాళ్ల మీద అరుపులు. డాక్టరుగారు మందు రాయలేదు. పడుకునే ముందు గంటసేపు ఫోను ముట్టుకోకుండా చేతికి ఏదో ఒక పని పెట్టుకోమన్నారు. మా అత్తయ్యగారు జపం చేసుకోమన్నారు. చేశాను. వేళ్లు పూసల మీద, మనసు రేపటి మీటింగు మీద.

వీడియోలు చూసి క్రోషా (కొక్కెం సూదితో దారం అల్లడం) కిట్టు ఒకటి తెప్పించా. నలుచదరం అల్లబోతే సమోసా వచ్చింది. విప్పి మళ్లీ అల్లా, మళ్లీ సమోసా. ఇప్పుడు ఉన్న బెంగలకి తోడు దీని బెంగ ఒకటి. క్రోషా మంచిదా, ఎంబ్రాయిడరీయా, ఇంకేమన్నానా? మీలో ఎవరికన్నా నిజంగా తగ్గిందా, ఊరికే అంటారా? సామాను ఎక్కడ కొంటారు?

సత్యనారాయణపురం టీచరు (ఉదయం 5:30)

సమోసా ఎందుకు వస్తోందో చెప్తా విను తల్లీ. వరస చివర ఉన్న ఆఖరి కుట్టు నీకు కనపడటం లేదు, దాన్ని వదిలేసి తిరిగొచ్చేస్తున్నావు. వరసకొకటి పోతే మిగిలేది ముక్కోణమే. 20 కుట్లతో మొదలెడితే ప్రతి వరసలో 20 లెక్కపెట్టు. మొదటి కుట్టుకీ ఆఖరి కుట్టుకీ చెరో పిన్నీసు తగిలించుకో. వారం తర్వాత పిన్నీసుల అవసరం ఉండదు.

కిట్టులో నల్ల ఊలు వచ్చిందనుకుంటా? అది బాగా చెయ్యి తిరిగినవాళ్లకే కుట్టు కనపడదు. లేతరంగు లావుపాటి నూలు దారం, నాలుగు మిల్లీమీటర్ల సూది తెచ్చుకో. మన ఊళ్లో ఊలు నాకసలు నచ్చదు. ఏప్రిల్ వచ్చిందంటే అరచెయ్యి చెమటకి సూది మీద దారం జారనంటుంది. బెజవాడలో రోహిణి కార్తెలో స్వెటరు అల్లేవాళ్లని నేనైతే చూళ్లేదు.

నన్నడిగితే క్రోషా కొన్నాళ్లు పక్కన పెట్టి ఉత్త గుడ్డ మీద గొలుసు కుట్టు వెయ్యి. మేం స్కూల్లో క్రాఫ్టు పీరియడులో నేర్చుకున్నదే. కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు, ఈ మూడూ వస్తే ఆర్నెల్లు కాలక్షేపం. దారం మాత్రం మూరన్నర కంటే పొడుగు తియ్యొద్దు. మాటిమాటికీ ఎక్కించుకోవాలనే బద్ధకంతో బారెడు తీస్తే చిక్కుపడుతుంది, పడిన చిక్కు విప్పేసరికి బీపీ పెరుగుతుంది. ఎంబ్రాయిడరీకి వాడే లచ్ఛీ దారంలో ఆరు పోగులుంటాయి, మనకి రెండు చాలు. ఆ రెండూ ఒకేసారి లాగకు. ఒక్కొక్కటే పైకి లాగి తర్వాత కలుపుకో.

బ్రాడీపేట బాబాయ్ (ఉదయం 7:10)

అమ్మాయ్, మగవాణ్ణి మాట్లాడొచ్చా ఇక్కడ?

గుంటూరు మిర్చి యార్డులో కమీషను కొట్టు లెక్కలు రాస్తా, ఇరవై రెండేళ్లుగా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను. ఆ మూడు నెలలూ మనిషి మనిషిలా ఉండడు. రైతు ధర తగ్గిందని నా మొహంలోకే చూస్తాడు, ధర నేను పెట్టినట్టు. వ్యాపారి చెల్లు ఆపుతాడు. ఘాటుకి తుమ్ములు. ఇంటికొచ్చి అన్నం కంచం ముందు కూడా వేళ్లతో క్యాలిక్యులేటరు నొక్కుతున్నానని మా ఆవిడ అంది.

మా కొట్టు ముందు ముఠా మనిషి, అంటే బస్తాలు మోసే కూలీ, ఒకాయన టిక్కీలు (మిర్చి బస్తాలు) కుడతాడు. దబ్బనంలో పురికొస, గోనె మూతి మడిచి ఈ చెవి దగ్గర ఒక ముడి, నాలుగైదు పోట్లు, ఆ చెవి దగ్గర ఇంకో ముడి. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా ఆయన చెయ్యి ఒకే జోరు. ఆయనకది కూలి, కాదనను. కానీ చూస్తూ నిలబడితే నా ఊపిరి కూడా ఆ పోట్లతోపాటు నెమ్మదించేది. ఒకనాడు ఇంటికొచ్చి ఊడిన చొక్కా బొత్తాం నేనే కుట్టుకున్నా. మర్నాడు తువ్వాలు అంచు మడిచి కుట్టా. తర్వాత ఊడని బొత్తాలు కూడా కోసి కుట్టానని మా ఆవిడ ప్రచారం. అబద్ధం. ఒక్కటే కోశా.

ఇప్పుడు పాత లుంగీలకి అంచు కుట్టు, గలేబులకి గొలుసు కుట్టు. ఆమధ్య మా బావమరిది వచ్చాడని సిగ్గేసి అంతా దిండు కింద దాచా. సూది కూడా అక్కడే ఉందన్న సంగతి రాత్రి తెలిసింది. అప్పట్నుంచి మూడు సూదులు తీస్తే మూడు లెక్కపెట్టి డబ్బాలో పెడతా. మీ ఇంట్లో పసివాడున్నాడుగా, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. బీపీ మాత్ర నేను ఆపలేదు, ఎవరూ ఆపకండి.

ఉన్నమాట (ఉదయం 9:02)

అందరికీ కోపం వస్తుందేమో. తొమ్మిది గంటల పని తొమ్మిది గంటల్లో ముగించమని మేనేజరుకి చెప్పాలి గానీ, రాత్రిపూట కుట్టుకుంటూ కూర్చుంటే పని తగ్గుతుందా?

నిద్రరాని పటమట (ఉదయం 9:40)

చెప్పానండీ. నవ్వాడు.

మంగళగిరి కుచ్చులు (ఉదయం 11:25)

అక్కా, సామాను సంగతి. గుడ్డలకి వన్‌టౌన్‌లో వస్త్రలత ఉంది, మీకు తెలిసే ఉంటుంది. దారాలు, గుడ్డ బిగించే రింగులు బీసెంట్ రోడ్డులో మ్యాచింగు సామాన్ల కొట్లలో అడగండి. గుంటూరు వాళ్లకి లాలాపేట, పట్నంబజారు వైపు. మొదటిరోజే వంద రంగుల పెట్టె కొనకండి. రెండు లచ్ఛీలు, ఒక రింగు, అరమీటరు మ్యాటీ గుడ్డ, ఒక సూదుల పొట్లం. సూదికి నెంబరు పెరిగేకొద్దీ సన్నమవుతుంది, తెలియక నేను 10 కొని కళ్లు పోగొట్టుకున్నా. ఎర్ర దారం, ముదురు నీలం కొంటే తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి, రంగు దిగితే మీ కష్టమంతా ఒక్క ఉతుకుతో గులాబీ అయిపోతుంది.

మా ఊరి నేత గుడ్డ ముక్క దొరికితే ఇంకా బాగుంటుంది. ఒళ్లంతా సాదాగా ఉండి అంచు మాత్రం జరీ కాబట్టి మధ్యలో మన కుట్టుకి బోలెడు చోటు.

ఇంకో సంగతి, కొంచెం బాధతో చెప్తున్నా. నేనూ మనసు కుదుటపడాలనే మొదలెట్టా. మా అమ్మ పోయిన ఏడు. చీర కుచ్చులు. పమిట అంచు పోగులు తీసి, సిల్కు దారం చుట్టి, పూస ఎక్కించి ముడి వేస్తుంటే మధ్యాహ్నాలు తెలియకుండా గడిచేవి. పక్కింటావిడ తనకీ వెయ్యమంది, తర్వాత వాళ్ల చెల్లెలు. చీరకి 300 తీసుకోవడం మొదలెట్టా. ఇప్పుడు వరలక్ష్మీ వ్రతం ముందు వారం ఇంట్లో పాతిక చీరలు, అందరికీ రేపే కావాలి. అదే ముడి, అవే వేళ్లు. ఇప్పుడు మెడ పట్టేస్తోంది, రాత్రి కలలో కుచ్చులు ఊడిపోతున్నాయి. అమ్మకండి. కనీసం మొదటి సంవత్సరం ఎవరు అడిగినా రాదని చెప్పండి.

సింగ్‌నగర్ ఇల్లాలు (మధ్యాహ్నం 2:15)

చెల్లీ, నీ మాట కాదనను గానీ, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం కూడా మనశ్శాంతే. అది లేనప్పుడు తెలుస్తుంది.

నాది వేరే కథ. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి నీళ్లు మా సందులోకి వచ్చిన రోజు. పొద్దున గడప దగ్గరున్న నీళ్లు చూస్తుండగానే మంచం ఎక్కాయి. మేం పై వాటా వాళ్లింట్లో ఉన్నాం. దిగి వచ్చేసరికి బీరువా కింది అర మొత్తం బురద. పెళ్లినాటి నూలు చీరలు, మా అత్తమ్మవి నేత చీరలు. ఎన్ని నీళ్లలో జాడించినా మరక వదల్లేదు.

తర్వాత వాన చినుకు పడితే చాలు, లేచి కూర్చునేదాన్ని. గడప దగ్గరకెళ్లి చెయ్యి పెట్టి తడి చూసేదాన్ని. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే నేనొక్కదాన్నే. మా అత్తమ్మ రెండు నెలలు చూసి, "ఆ చీరలు పారేసేదాకా ఏడుస్తావ్, పారేశాక కూడా ఏడుస్తావ్. బొంత కుట్టు" అంది.

నేల మీద అడుగున దళసరి చీర, మధ్యలో చిరిగినవి, పైన మెత్తటిది. మొత్తం నాలుగు పొరలు. ముడతలు లేకుండా లాగి, మూలల మీద పప్పు డబ్బాలు పెట్టి, ముందు నడిమధ్య నుంచి అంచుల వైపు బారు టాకాలు వేసింది. అంచుల నుంచి మొదలెడితే మధ్యలో గుడ్డ పొంగుతుందట. తర్వాత చూపుడు వేలంత ఎడంతో వరసలు. పైకి, కిందికి, అంతే, వేరే కుట్టు లేదు. నాలుగు పొరలు దాటాలి కాబట్టి సూది కొంచెం లావుది, బొటనవేలికి గుడ్డ పేలిక చుట్టుకోవాలి.

పై చీర మీద బురద మరక ఒక చోట గీతలా ఆగిపోయింది, నీళ్లు నిలిచిన మట్టం. మొదటి వరస ఆ గీత వెంబడే కుట్టా. ఎందుకో అలా కుట్టాలనిపించింది. రెండో వరస దాని పక్కన, మూడోది దాని పక్కన. అయిదు నెలలు పట్టింది. వాన పడితే ఇప్పటికీ మెలకువ వస్తుంది. కానీ గడప దగ్గరకి వెళ్లను. బొంత ఒళ్లో వేసుకుని నాలుగు వరసలు కుడతా, ఈలోగా వాన వెలుస్తుంది.

పాలిస్టరు చీరలతో మాత్రం కుట్టొద్దు, పొరలు జారతాయి, చెమట పీల్చవు.

బ్రాడీపేట బాబాయ్ (మధ్యాహ్నం 2:40)

అమ్మా, ఇది చదివి ఇంక లెక్కలు రాయలేకపోతున్నా.

కొత్తపేట ఫిజియో (సాయంత్రం 6:05)

గుంటూరులో ప్రాక్టీసు చేస్తుంటాను. ఒక్క జాగ్రత్త చెప్పి వెళ్తా. రోజంతా మౌసు పట్టుకున్న మణికట్టుతోనే రాత్రి క్రోషా సూది పడుతున్నారు. బిగించి పట్టుకోకండి. ఇరవై నిమిషాలకోసారి కింద పెట్టి వేళ్లు చాచండి. తల వంచి ఒళ్లోకి చూడటం కాదు, ఒళ్లో దిండు పెట్టుకుని గుడ్డని పైకి తెచ్చుకోండి. బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కి రాత్రిపూట మెలకువ వస్తుంటే నాలుగు రోజులు ఆపి డాక్టరుకి చూపించండి.

ఇంకొకటి. కుట్టుపని మంచిదే, కానీ వారాల తరబడి నిద్ర లేక, ఏడుపు ఆగక, బతకాలనిపించడం లేదంటే సూదీ దారం సరిపోవు. 14416కి ఫోను చెయ్యండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను. 2022 నుంచి ఉంది, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులుండవు.

సత్యనారాయణపురం టీచరు (మర్నాడు ఉదయం 5:20)

మంగళగిరి అమ్మాయి మాటకి, సింగ్‌నగర్ అమ్మాయి మాటకి రెండింటికీ సాక్ష్యం మా పెద్దమ్మ. నరసాపురం దగ్గర పల్లె ఆమెది, లేసు అల్లేది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, మొన్న 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరిదని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. మా చిన్నప్పుడు సెలవలకి వెళ్తే అరుగు మీద అయిదారుగురు ఆడవాళ్లు, వేళ్లు చూడకుండానే అల్లేవాళ్లు. ఏజెంటు వచ్చే రోజు దగ్గరపడితే మాటలు ఆగిపోయేవి. దారం ఇచ్చి, అల్లింది పట్టుకెళ్లి, ఆయన చేతిలో పెట్టింది ఎంతో కొంత. ఆ డబ్బుతోనే మా అన్నయ్య చదివాడు. పెద్దమ్మ కళ్లు మాత్రం తొందరగా మసకేశాయి.

కానీ ఏజెంటుకి ఇవ్వాల్సింది అయిపోయాక ఆవిడ ఏం చేసేదనుకున్నారు? మిగిలిన దారం కొసలు ముడేసుకుని నా జడకుచ్చుల కోసం చిన్న పువ్వులు అల్లేది. అప్పుడు పాట పాడేది. నాకు తెలిసి లేసు అల్లేటప్పుడు పాడలేదు.

మంగళగిరి కుచ్చులు (ఉదయం 10:15)

టీచర్ గారూ, ఇవాళ ఒక చీర వెనక్కి ఇచ్చేశా, రాదని చెప్పి. మా అమ్మ జాకెట్టు గుడ్డ ముక్క ఒకటుంది, దాని మీద ఏదన్నా కుట్టుకుంటా. ఏం కుట్టాలో ఇంకా తెలీదు.

నిద్రరాని పటమట (24 రోజుల తర్వాత, రాత్రి 11:55)

అందరూ తిట్టుకుంటూ ఉంటారు, కనపడకుండా పోయిందని. బీసెంట్ రోడ్డుకి వెళ్లా. గుడ్డ, రింగు, సూదులు, రెండు లచ్ఛీలు, మొత్తం 210 రూపాయలు. ముందు నూలు దారంతో ఒక్క నలుచదరం అల్లా, పిన్నీసులు పెట్టి, 20 లెక్కపెట్టి. సమోసా కాలేదు! కానీ ఆ లెక్కపెట్టడం నాకు పడలేదు, ఆఫీసు పనిలానే అనిపించింది. టీచర్ గారు చెప్పినట్టు గొలుసు కుట్టుకి మారా. బాబు కర్చీఫ్ మీద ఆటో గీసుకుని కుడుతున్నా, వాడి స్కూలు ఆటో.

మొదటి వారం ఘోరం. గంటసేపు తెగ కుట్టి లేవబోతే కర్చీఫ్ నాతోపాటే లేచింది. నైటీకి కలిపి కుట్టేశా. మా ఆయన నవ్విన నవ్వుకి బాబు లేచాడు. మొత్తం విప్పడానికి ఇంకో గంట.

నిద్ర సంగతి: రెండు కాస్తా పన్నెండున్నర అయింది. రోజూ కాదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉన్న వారం పాత కథే. అయితే సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఫోను ఎత్తలేం, రెండు చేతులూ కావాలి. నాకు పనిచేసింది అదేనేమో. కెమెరా ఆపుకుని ఒక మీటింగులో కూడా కుట్టా, ఉన్నమాట గారు ఏమనుకున్నా సరే.

ఆటోకి మూడు చక్రాలూ అయ్యాయి, ఒకటి కోడిగుడ్డులా వచ్చింది. రంగు పసుపు. ఫొటో పెడుతున్నా.

ఉన్నమాట (ఉదయం 8:30)

చక్రం సంగతి పక్కన పెడితే ఆటో బాగుంది. ఆ రింగు ఎంత సైజు? మా అమ్మాయికి పరీక్షలు, గోళ్లు కొరుక్కుంటోంది.

నిద్రరాని పటమట (ఉదయం 8:45)

ఆరంగుళాలది అండీ. పని ఆపేటప్పుడు రింగు విప్పేయమనండి, లేకపోతే గుడ్డ మీద గుండ్రంగా మడత పడిపోతుంది, ఇస్త్రీకి కూడా పోదు.

సత్యనారాయణపురం టీచరు (ఉదయం 9:05)

బాగుంది తల్లీ. వెనక వైపు కూడా ఒక ఫొటో పెట్టు, ముడులు చూస్తా.

నిద్రరాని పటమట (ఉదయం 9:06)

అది మాత్రం అడక్కండి టీచర్ గారూ.