రక్షణ ఉత్తర్వు చేతిలో ఉన్నా స్టేషన్‌లో "కోర్టుకే వెళ్ళండి" అంటున్నారు. పోలీసుల బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: చెల్లెలి తరఫున ఒక అన్న

నమస్కారం. మా చెల్లెలికి పెళ్ళయి ఆరేళ్ళయింది. అత్తవారిల్లు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పట్టణంలో ఉంది, మేము తెలంగాణలో ఉంటాము. భర్త చేయి చేసుకోవడం, ఆమె జీతం మొత్తం తానే తీసుకోవడం మొదలైనప్పుడు పెద్దమనుషుల్లో పెట్టాము. తరువాత అక్కడి స్టేషన్‌లో కౌన్సెలింగ్ పేరుతో రెండుసార్లు కూర్చోబెట్టి, ఇద్దరి చేతా కాగితాల మీద సంతకాలు పెట్టించి పంపారు. మూడోసారి ఆమె చేయి విరిగింది. ఆ రాత్రే పాపను తీసుకొని మా ఇంటికి వచ్చేసింది.

మా ఊరి మేజిస్ట్రేట్ కోర్టులో డీవీసీ (గృహహింస కేసు) వేశాము. నెల క్రితం మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది. ఆమెను కలవకూడదని, ఫోన్ చేయకూడదని, మా ఇంటి దగ్గరకు రాకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా గత వారం అతను రాత్రి పదకొండు గంటలకు మా గేటు ముందు నిలబడి, పాపను బయటకు పంపమని అరిచాడు. స్టేషన్‌కు వెళ్ళి ఉత్తర్వు చూపిస్తే, ఇది సివిల్ వ్యవహారమని, ఉత్తర్వు ఇచ్చిన కోర్టుకే చెప్పుకోమని అన్నారు. అది నిజమేనా? ఉత్తర్వు ఉల్లంఘిస్తే పోలీసులు నేరుగా ఏమీ చేయలేరా? మా అమ్మ ఆ రాత్రి నుంచి గేటుకు తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకొని పడుకుంటున్నది.

జవాబు 1: మేజిస్ట్రేట్ కోర్టుల్లో పనిచేసే న్యాయవాదిని

అన్నగారూ, మీకు చెప్పిన మాట తప్పు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని కింద వేసే దరఖాస్తుకు సివిల్ స్వభావం ఉన్న మాట వాస్తవమే. కానీ రక్షణ ఉత్తర్వును, మధ్యంతర ఉత్తర్వు అయినా సరే, ఉల్లంఘించడం సెక్షన్ 31 ప్రకారం నేరం. దానికి ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సెక్షన్ 32 దీన్ని కాగ్నిజబుల్ నేరంగా, నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకని) నేరంగా చెబుతుంది. కాగ్నిజబుల్ అంటే కోర్టు అనుమతి కోసం చూడకుండా పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవచ్చు, చేయాలి కూడా. కాగ్నిజబుల్ నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. ఈ నేరం జరిగినట్టు బాధితురాలి ఒక్క సాక్ష్యం మీదనే కోర్టు నిర్ణయానికి రావచ్చని కూడా సెక్షన్ 32 అంటుంది.

అయితే రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. మొదటిది, ఉత్తర్వు సంగతి అతనికి తెలుసని చూపగలగాలి. "నాకు కాగితమే అందలేదు" అన్న వాదన ఈ కేసుల్లో తరచూ వింటాము. అందువల్ల నోటీసూ ఉత్తర్వూ అతనికి ఏ తేదీన అందాయో కోర్టు రికార్డు నుంచి నకలు తీసుకోండి. సెక్షన్ 24 ప్రకారం ఉత్తర్వు ప్రతులు ఉచితంగా ఇవ్వాలి, సంబంధిత స్టేషన్‌కు కూడా ఒక ప్రతి పంపాలి. ఆ ప్రతి మీ స్టేషన్‌కు చేరిందో లేదో కోర్టు ఆఫీసులో అడిగి చూడండి. నా అనుభవంలో సగం చిక్కు అక్కడే ఉంటుంది.

రెండవది, నాన్ బెయిలబుల్ అన్నంత మాత్రాన వెంటనే అరెస్టు చేస్తారని అనుకోకండి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు కారణం రాసి చూపాలని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. ఇప్పుడు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద సాధారణంగా ముందు నోటీసు ఇస్తారు. కానీ మళ్ళీ నేరం చేయకుండా ఆపడం కూడా అరెస్టుకు చట్టం ఒప్పుకున్న కారణాల్లో ఒకటి. రాత్రివేళ గేటు దగ్గరకు వచ్చి అరిచిన మనిషి విషయంలో ఆ కారణాన్ని మీ ఫిర్యాదులోనే వివరంగా రాయండి.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి, లేదా మీది కమిషనరేట్ అయితే కమిషనర్‌కు పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదంతా సురక్షా సంహితలోని సెక్షన్ 173లోనే ఉంది.

ఇంకొక్క మాట. చేయి విరిగిన సంగతి డీవీసీలో ఒక పేరాగా మిగిలిపోకూడదు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రమైన గాయం. భర్త క్రూరత్వానికి పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని సెక్షన్ 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 ఉంది. దెబ్బలు అక్కడ తగిలాయి కాబట్టి అక్కడికే వెళ్ళాలని మిమ్మల్ని తిప్పి పంపడానికి వీల్లేదు. అత్తవారింటి నుంచి వచ్చేసిన భార్య, తాను తలదాచుకున్న చోటనే 498ఏ ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో తేల్చింది. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే భద్రంగా ఉంచండి.

జవాబు 2: ఉద్యోగ విరమణ చేసిన మహిళా ఏఎస్సై

తమ్ముడూ, నేను స్టేషన్ లోపలి నుంచి చూసిన మాట చెబుతాను. మొగుడూ పెళ్ళాల గొడవ అనగానే రాజీ చేసి పంపడమే మంచి పని అని మాలో చాలామంది మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళు. నేనూ చాలాకాలం నమ్మాను. సంతకం పెట్టించి పంపిన ఒకామె నెల తిరగకుండా తల పగిలి మళ్ళీ వచ్చిన రోజున ఆ నమ్మకం పోయింది. గృహహింస చట్టం సెక్షన్ 5 పోలీసు అధికారికి అప్పగించిన పని రాజీ కాదు. రక్షణ ఉత్తర్వు కోరే హక్కు ఉందని, ఈ చట్టం కింద బాధితులకు సాయపడే రక్షణాధికారి ఉన్నారని, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని, 498ఏ (ఇప్పటి సెక్షన్ 85) కింద కేసు పెట్టవచ్చని ఆమెకు తెలియజెప్పాలి. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే చర్య తీసుకునే బాధ్యత దీనివల్ల తగ్గదని కూడా ఆ సెక్షనే చెబుతుంది.

ఇక ఆచరణ సంగతి. ఉత్తర్వు నకలును ఫిర్యాదుకు జతచేసి ఇచ్చి, రెండో ప్రతి మీద రసీదు ముద్ర వేయించుకోండి. అతను మళ్ళీ వస్తే ముందు 112కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ రికార్డు అవుతుంది, ఏ వేళకు ఏ బండి వచ్చిందో కూడా నమోదవుతుంది. వచ్చిన కానిస్టేబుల్‌కు ఉత్తర్వు చూపండి. నేరం జరగబోతోందని, వేరే విధంగా ఆపలేమని అనిపించినప్పుడు ముందుజాగ్రత్తగా అదుపులోకి తీసుకునే అధికారం సురక్షా సంహిత సెక్షన్ 170 కింద పోలీసులకు ఉంది. దాని మీద 24 గంటలకు మించి ఉంచకూడదు, కానీ ఆ ఒక్క రాత్రి గడవడానికి అది చాలు. గేటు కెమెరా ఉంటే దృశ్యాలు చెరిగిపోకముందే దాచండి.

రక్షణాధికారిని మరచిపోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఉల్లంఘన గురించి ఆ అధికారికి రాసి ఇస్తే మేజిస్ట్రేట్‌కు పంపాలి, సహాయం అడిగితే పోలీసులను వెంటబెట్టుకొని రావాలి. వారికే చెప్పాలన్న నిబంధన మాత్రం లేదు, మీ చెల్లెలు నేరుగా పోలీసుల దగ్గరకు వెళ్ళవచ్చు.

జవాబు 3: మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగువారు

ఇక్కడ నేను స్వచ్ఛందంగా తెలుగు కుటుంబాలకు దుబాసీగా వెళుతుంటాను కాబట్టి ఒక తేడా గమనించాను. ఆస్ట్రేలియాలోని ఈ విక్టోరియా రాష్ట్రంలో 2008 నాటి కుటుంబ హింస రక్షణ చట్టం కింద, ఇంటికి వచ్చిన పోలీసులే అక్కడికక్కడ భద్రతా నోటీసు జారీ చేసి, హింసించిన వ్యక్తిని ఇంటి నుంచి బయటకు పంపగలరు. ఆ నోటీసే కోర్టుకు దరఖాస్తుగా కూడా పనిచేస్తుంది. బాధితురాలు వద్దన్నా పోలీసులు తమంతట తాము కోర్టును ఆశ్రయించవచ్చు. కోర్టు ఉత్తర్వును ఉల్లంఘిస్తే రెండేళ్ళ వరకు జైలు. కట్నం కోసం వేధించడాన్ని కూడా 2018 సవరణతో కుటుంబ హింసకు ఉదాహరణగా చట్టంలో చేర్చారు. భారతదేశంలో ఆ మొదటి అడుగు బాధితురాలే, లేదా ఆమె తరఫున ఎవరో ఒకరు వేయాలి. అందుకే మీలాంటి అన్న తోడుగా నిలవడం అక్కడ ఎక్కువ అవసరం. ఈ దేశంలో ఉన్న అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, భర్త మీద ఆధారపడిన వీసా పోతుందన్న భయంతో దెబ్బలు భరించకండి. భాగస్వామి వీసాల విషయంలో కుటుంబ హింస బాధితులకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కోర్టు ఆఫీసులో కనుక్కుంటే, ఉత్తర్వు అతనికి మూడు వారాల క్రితమే అందింది. స్టేషన్‌కు పంపిన ప్రతి మాత్రం తపాలాలోనే ఉండిపోయింది. నకలు తీసుకొని నేనే స్వయంగా అందించాను. ఈసారి ఫిర్యాదు తీసుకొని ఎఫ్‌ఐఆర్ నకలు ఇచ్చారు. ఒక్క సందేహం మిగిలింది. నిన్న అతను పాప చదివే బడి దగ్గర కనిపించాడట. ఉత్తర్వులో మా ఇల్లు తప్ప బడి ప్రస్తావన లేదు.

జవాబు: న్యాయవాదిని

ఉత్తర్వులో చేర్పించవచ్చు. బాధితురాలు పనిచేసే చోటుకు, పిల్లలు చదివే బడికి ప్రతివాది వెళ్ళకుండా నిషేధించే అధికారం సెక్షన్ 18 మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది. పరిస్థితులు మారినప్పుడు ఉత్తర్వును మార్చమని సెక్షన్ 25 కింద అడగవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు జతచేసి రేపే దరఖాస్తు వేయండి, అత్యవసరమని అందులో రాయండి. న్యాయవాదికి డబ్బు ఇబ్బంది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయవాదిని ఉచితంగా నియమిస్తారు, ఫోన్‌లో అడగాలంటే 15100. ఈ లోపు బడి ప్రధానోపాధ్యాయులకు ఉత్తర్వు నకలు ఇచ్చి, పాపను మీరు, మీ చెల్లెలు, మీ అమ్మగారు తప్ప మరెవరికీ అప్పగించవద్దని రాతపూర్వకంగా కోరండి.