అప్‌డేట్: కాటన్ దొర ఇంటిపేరు సంగతి తేలింది

ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టించిన ఆర్థర్ కాటన్ పూర్వీకులు పత్తి వ్యాపారులా అని ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "వృత్తి కాదు, ఇంగ్లండ్ ఊరి పేర్లు వెతుకు" అన్న సలహాతోనే పని జరిగింది.

పత్తితో ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లిష్‌లో 'కాట్' అంటే గుడిసె, 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్, ఇలాంటి ఊళ్లు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఊరి పేరే ఇంటిపేరైంది, మన కొండవీటి వారిలాగే. బట్ట పేరు మాత్రం అరబిక్ 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది.

ఊళ్లు చాలా కాబట్టి కాటన్‌లందరిదీ ఒకే వంశం కాదు. స్మిత్ అంత ఎక్కువగా కనిపించదు గానీ, పేరు నలుమూలలా పాకడానికి కారణం ఇదే. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యం వ్రాతప్రతి ఉన్న గ్రంథాలయాన్ని కూడబెట్టిన రాబర్ట్ కాటన్ (1571–1631) గురించి చదవడం బాగుంది, ఈ ప్రశ్నకు మాత్రం పనికిరాలేదు. ఇంటిపేరు కొట్టగానే వంశచిహ్నం అమ్మే సైట్ల జోలికి వెళ్లకండి. ఇంగ్లండ్‌లో ఆ చిహ్నాలు ఇచ్చేది వ్యక్తికి, అతని వారసులకు, ఇంటిపేరుకు కాదు.